బీటిల్ ఇంజన్ ఫ్లైవీల్ నట్టు మొండికేస్తే ఎలా విప్పాలి

డాలస్ శివార్లలో మా ఇంటి గ్యారేజ్‌లో 1971 ఫోక్స్‌వ్యాగన్ సూపర్ బీటిల్ కారు ఇంజన్ దింపడానికి నాకు ఒక పూట పట్టింది. ఇంజన్ చివర తిరిగే బరువైన చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు, దాని మధ్యలో ఉన్న ఒక్క నట్టు విప్పడానికి రెండు శనివారాలు పోయాయి. మూడో శనివారం అదే నట్టు అర నిమిషంలో ఊడింది. ఈ మధ్యలో నా కండలేమీ పెరగలేదు, పానా కూడా అదే. మారింది ఒక్కటే, ఫ్లైవీల్‌ని కదలకుండా పట్టే పద్ధతి. ఈ పని మొదటిసారి చేసేవాళ్ళందరూ నాలాగే ‘ఇంకా పెద్ద రాడ్డు కావాలి, ఇంకా బలం కావాలి’ అని తిప్పే వైపే చూస్తారు, పట్టే వైపు చూడరు. అందుకే ఇందులో సగం దాని గురించే రాస్తున్నాను.

మనవైపు మారుతి 800 లాంటి బళ్ళ మీద పని చేసినవాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది. వాటికి ఫ్లైవీల్‌ని చుట్టూ చిన్న చిన్న బోల్టులు పట్టి ఉంచుతాయి, ఒక్కోటి విడిగా విప్పుకోవచ్చు. ఎయిర్ కూల్డ్ బీటిల్‌కి అలా కాదు, నడిమధ్యలో ఒకే ఒక్కటి. 2003 జూలైలో మెక్సికోలోని ప్యూబ్లా ఫ్యాక్టరీలో చివరి బండి బయటికొచ్చేనాటికి ఈ పాత బీటిళ్ళు 2 కోట్ల 15 లక్షలు దాటాయి, కాబట్టి ఈ నట్టుతో కుస్తీ పట్టినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. మీరు ఒంటరివాళ్ళు కాదు.

అసలు ఇదేంటి, ఎందుకింత బిగువు

దీన్ని గ్లాండ్ నట్ అంటారు. పేరుకే నట్టు, నిజానికి బోలుగా ఉండే లావుపాటి బోల్టు. తల 36 ఎం.ఎం. తొడిమ భాగం క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ప్రధాన షాఫ్ట్) చివరలోకి మరతో దిగుతుంది. బోలు లోపల ఒక నీడిల్ బేరింగ్ ఉంటుంది, గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కు వచ్చి అందులో కూర్చుంటుంది. తల కింద ఒక పెద్ద వాషర్. క్రాంక్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య 4 డోవెల్ పిన్నులు, అంటే ఒక్కోటి 8 ఎం.ఎం. లావుండే గట్టి స్టీలు ముక్కలు. రేసు కోసం కట్టిన ఇంజన్లలో ఇవి 8 ఉండొచ్చు.

1600 సీసీ ఇంజన్‌కి దీని టార్క్, అంటే బిగించాల్సిన మెలి బలం, 35 కిలోగ్రామ్ మీటర్లు. న్యూటన్ మీటర్లలో 343, ఇక్కడి లెక్కలో 253 ఫుట్ పౌండ్లు. మామూలు కారు చక్రం నట్టు బిగువుకి మూడింతలని వేసుకోండి. ఇంత ఎందుకంటే ఇంజన్ బలమంతా ఆ ఒక్క బోల్టు నొక్కుడు మీదా, ఆ నాలుగు పిన్నుల మీదా పోవాలి. కొంచెం లూజైనా ఫ్లైవీల్ సన్నగా అల్లాడుతుంది, ఆ అల్లాటకి పిన్ను రంధ్రాలు కోడిగుడ్డులా సాగుతాయి, ఆ తర్వాత ఫ్లైవీలూ క్రాంకూ రెండూ తూకానికే. కాబట్టి మీ కంటే ముందు కట్టిన మెకానిక్ దీన్ని చచ్చేంత బిగించాడంటే తిట్టుకోకండి, తన పని సరిగ్గా చేశాడు.

ఇక ముప్పై నలభై ఏళ్ళు వేడెక్కుతూ చల్లారుతూ ఉన్న మర, విప్పేటప్పుడు బిగించిన బలానికే లొంగదు. రెండింతలు అడగొచ్చు. అంటే 70 కిలోగ్రామ్ మీటర్లు అనుకుని సిద్ధపడాలి.

చిన్న లెక్క, పనికొచ్చేది

70 కిలోగ్రామ్ మీటర్లంటే మీటరు పొడుగు రాడ్డు చివర 70 కిలోల బరువు వేలాడదీసినంత. మీ దగ్గరున్న బ్రేకర్ బార్, అంటే సాకెట్ తిప్పే రాడ్డు, ఒకటిన్నర అడుగు, అంటే 45 సెంటీమీటర్లే అయితే దాని చివర 155 కిలోలు నొక్కాలి. మనిషి వల్ల అయ్యే పని కాదు, నా వల్ల కాలేదు కూడా. అదే బార్‌కి గొట్టం తొడిగి మొత్తం ఒకటిన్నర మీటర్లు చేశారా, 47 కిలోలు చాలు. యాభై కిలోల బియ్యం బస్తా కంటే కొంచెం తక్కువే.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. ఇప్పుడు ఇదే లెక్క అవతలి వైపు వేయండి. నట్టుని మీరు ఎంత బలంతో తిప్పుతారో ఫ్లైవీల్ కూడా అంతే బలంతో తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి చాలామంది చేసేది ఏంటంటే, ఫ్లైవీల్ అంచు చుట్టూ ఉండే రింగ్ గేర్ పళ్ళ మధ్య ఒక పెద్ద స్క్రూడ్రైవర్ దూర్చి ఇంజన్ కేస్‌కి ఆనించడం. పళ్ళు నడిమధ్య నుంచి సుమారు 14 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. 70ని 0.14తో భాగించండి. 500 కిలోలు. అర టన్ను! అంత బరువుని ఒక స్క్రూడ్రైవర్ మొన మీద పెట్టి, ఆ మొనని మెగ్నీషియం మిశ్రమంతో పోతపోసిన కేస్ అంచుకి ఆనిస్తున్నామన్నమాట.

నా మొదటి శనివారం సరిగ్గా ఇదే చేశాను. పైపు పట్టుకుని ఒక్క ఊపు ఊపితే ‘టక్’ మని చప్పుడొచ్చింది, నట్టు ఊడిందని ఎగిరి గంతేశాను, తీరా చూస్తే నట్టు ఉన్నచోటే ఉంది, కేస్ అంచున బొటనవేలి గోరంత ముక్క విరిగి కింద పడి ఉంది. అదృష్టం బాగుండి ఆయిల్ కారే చోట కాదు. ఆ ముక్క ఇప్పటికీ నా టూల్ బాక్స్‌లో ఉంది.

బాబాయి చెప్పింది

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డు ఉండేది. రెండో శనివారం కూడా పోయాక వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి చూపించాను. కాసేపు చూసి, ‘‘ఒరేయ్, నట్టు సంగతి తర్వాత. ఇంజన్ ఏంట్రా అలా ఎగురుతోంది?’’ అన్నాడు. నిజమే, నేను పైపు నొక్కిన ప్రతిసారీ ఇంజన్ మొత్తం ఒక పక్కకి లేచి పడుతోంది. మా ఆవిడ దాని మీద కూర్చుని ఉంది.

‘‘బరువు కోసం తనని కూర్చోబెట్టాను బాబాయ్.’’

‘‘అమ్మాయిని లేవమను ముందు. నువ్వు నొక్కేది నేలకి పోవాలి గానీ ఇంజన్‌కి కాదు. రెండు రాడ్లూ ఒకే పక్క పెట్టు, అడకత్తెర లాగా. కింది రాడ్డు నేలకి ఆనాలి, పైది నువ్వు నొక్కాలి. మధ్యలో పోకచెక్క నలిగినట్టు నట్టు నలగాలి, అంతే.’’

మొత్తం కిటుకు ఇదే. మిగతాదంతా దీన్ని ఎలా అమర్చాలన్నదే.

ఏమేం కావాలి

36 ఎం.ఎం. సాకెట్, ఆరు మూలలది, నల్లగా ఉండే ఇంపాక్ట్ రకం, 3/4 అంగుళం డ్రైవ్ (రాడ్డు దూరే చదరపు రంధ్రం కొలత). ఇందులో మూడు మాటలూ ముఖ్యమే. పన్నెండు మూలల సాకెట్ తలని గుండ్రంగా చెక్కేస్తుంది, మెరిసే క్రోమ్ సాకెట్ పగిలి ముక్కలు మొహం మీదికి రావచ్చు, 1/2 అంగుళం డ్రైవ్ రాడ్డు మెలికపడి తెగుతుంది. ఈ సాకెట్ డబ్బు దండగ అనుకోకండి, బీటిల్ వెనక చక్రాల యాక్సిల్ నట్లు కూడా 36 ఎం.ఎం. వే, అవీ ఇంతే మొండివి.

సాకెట్ కొన్నాక దాని మూతి చూడండి. లోపలి అంచు కొంచెం ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నట్టు మీద సులువుగా ఎక్కడానికి. గ్లాండ్ నట్ తల ఎత్తు తక్కువ, ఆ ఏటవాలు వల్ల ఉన్న పట్టులో కొంత పోతుంది. గ్రైండర్ మీద సాకెట్ మూతిని చదునుగా అరగదీస్తే పట్టు తల మొత్తానికీ దొరుకుతుంది. పది నిమిషాల పని, కానీ తల చెక్కేసుకున్నాక పడే బాధతో పోలిస్తే ఏం కాదు.

3/4 అంగుళం బ్రేకర్ బార్, దాని మీదికి వచ్చే మందపాటి ఇనుప గొట్టం, అయిదడుగులు. పలచటి గొట్టం వద్దు, మధ్యలో మడత పడితే మీరు మూతి మీద పడతారు.

ఇక పట్టే రాడ్డు. దీనికి నాలుగడుగుల ఎల్ యాంగిల్ ముక్క, మందం కనీసం 5 ఎం.ఎం. ఉండాలి. క్లచ్ ప్లేటుని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ విప్పాక ఫ్లైవీల్ మీద ఆరు బోల్టు రంధ్రాలు కనిపిస్తాయి. పక్కపక్కనున్న రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి, యాంగిల్ ఒక చివర అదే దూరంలో రెండు రంధ్రాలు వేయించండి. ఎదురెదురు రంధ్రాలకి బిగిస్తే యాంగిల్ సరిగ్గా నట్టు మీదుగా పోయి సాకెట్‌కి అడ్డం వస్తుంది, అందుకే పక్కపక్కవి. రెడీమేడ్ ఫ్లైవీల్ లాక్‌లు కూడా దొరుకుతాయి, కానీ పొట్టి రకాలు, కేస్‌కి ఆనేవి కొనకండి. ఎందుకో ఇప్పటికే చెప్పాను.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట, చాలా ఆటో పార్ట్స్ దుకాణాల్లో డిపాజిట్ కట్టి టార్క్ రెంచ్ లాంటివి అరువు తెచ్చుకోవచ్చు, వాపసు ఇస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. ఇండియాలో అయితే ఏ లారీ షెడ్డుకి వెళ్ళినా 3/4 డ్రైవ్ సామాను దొరుకుతుంది, టీ తాగించి అడగండి.

ఇంజన్ ఖాళీ చేయకముందే ఈ పని చేయండి

నేను చేసిన ఇంకో తప్పు ఇది. ఇంజన్ దింపగానే ఉత్సాహం కొద్దీ ఫ్యాన్ కవర్, హెడ్లు, సిలిండర్లు అన్నీ ఊడదీసి, చివరికి ఫ్లైవీల్ దగ్గరికొచ్చాను. అప్పటికి మిగిలింది తేలికపాటి కేసూ క్రాంకూ మాత్రమే. ముట్టుకుంటే దొర్లుతోంది. మొత్తం ఇంజన్ వంద కిలోల పైనే ఉంటుంది, ఆ బరువు మీకు ఉచితంగా వచ్చే సాయం, వదులుకోకండి. కారులోంచి దింపి, ప్రెషర్ ప్లేటూ క్లచ్ ప్లేటూ తీసి, వెంటనే ఈ నట్టు మీద పడండి. కారులో ఉండగా కుదరదు, ఫ్లైవీల్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది కాబట్టి.

ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఒక్కోటీ పూర్తిగా విప్పెయ్యకుండా, ఒక్కో చుట్టు చొప్పున ఆరింటినీ వరసగా వదులు చేస్తూ రండి. లేకపోతే స్ప్రింగు బలానికి ప్లేటు వంకరపోతుంది.

ఫ్లైవీల్ తీసేలోపే దానికీ క్రాంక్‌కీ కలిపి ఒక గుర్తు పెట్టుకోవాలని చాలామంది మరిచిపోతారు. నట్టు ఊడాక ఫ్లైవీల్ కొంచెం బయటికి లాగినప్పుడు ఒక పిన్ను దగ్గర రెండిటి మీదా సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టండి. ఎవరైనా ఇదివరకు రెండిటినీ కలిపి బ్యాలెన్స్ చేయించి ఉంటే ఆ గుర్తు లేకుండా మళ్ళీ అదే వాటంలో కూర్చోబెట్టలేరు.

అడకత్తెర కట్టడం

గట్టి నేల కావాలి. సిమెంటు గచ్చు అయితే మంచిది. ఇంజన్‌ని రెండు కర్ర దుంగల మీద కదలకుండా కూర్చోబెట్టి, ఫ్లైవీల్ మీ వైపుకి వచ్చేలా తిప్పుకోండి. దానికి ఎదురుగా కూర్చోండి.

మర మామూలు వాటమే, గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పితే వదులవుతుంది. అంటే మీరు విప్పేటప్పుడు ఫ్లైవీల్ ఎడమ అంచు కిందికి దిగాలని చూస్తుంది. కాబట్టి యాంగిల్ మీ ఎడమ పక్కకి చాచి ఉండాలి, దాని కొస నేలకి ఆనాలి. రెండు బోల్టులూ పూర్తిగా లోపలికి బిగించండి, సగం మరతో వదిలేస్తే ఫ్లైవీల్‌లోని త్రెడ్డు చెడుతుంది. ప్రెషర్ ప్లేట్ పాత బోల్టులే వాడండి, కొత్తవి బిగించేటప్పటికి దాచుకోండి. యాంగిల్ కొస కింద ఒక చెక్క పలక వేస్తే గచ్చు మీద జారదు.

ఇప్పుడు సాకెట్ నట్టు మీద పెట్టి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేసి పూర్తిగా కూర్చోబెట్టండి. బ్రేకర్ బార్ కూడా ఎడమ పక్కకే, యాంగిల్ కంటే ఒక జానెడో రెండు జానలో పైన ఉండేలా. గొట్టం తొడగండి. ముందు నుంచి చూస్తే నోరు తెరిచిన అడకత్తెరే. పైదాన్ని కిందికి నొక్కితే కిందిది నేలని నొక్కుతుంది, నేల తిరిగి నొక్కుతుంది, బలమంతా నట్టు దగ్గర కలుస్తుంది. ఇంజన్ ఎగరదు, దొర్లదు. బార్‌ని కుడి పక్కకి పెట్టి పైకి లాగితే? అప్పుడు మీరు నట్టుతో పాటు ఇంజన్‌ని కూడా ఎత్తుతుంటారు, నా రెండో శనివారం లాగా.

ఒక చేత్తో సాకెట్‌ని నట్టు మీదికి అదిమి పట్టండి, లేదా సాకెట్ వెనక ఒక కర్ర దుంగ పెట్టి అది ఒరిగిపోకుండా చూడండి. పొడుగు గొట్టం బరువుకే సాకెట్ వంకర తిరిగి నట్టు మీంచి జారాలని చూస్తుంది. రెండో మనిషి ఉంటే ఈ పని వాళ్ళకి అప్పగించండి, వేళ్ళు మాత్రం రెండు రాడ్ల మధ్యకి రానివ్వద్దని గట్టిగా చెప్పండి. నట్టు ఊడేటప్పుడు ముందు హెచ్చరించదు.

కళ్ళజోడు పెట్టుకుని, గొట్టం చివర రెండు చేతులూ వేసి, ఊపులు లేకుండా మీ బరువు మెల్లగా దాని మీదికి వదలండి. కుదుపులు వద్దు. నిదానంగా బరువు పెంచుతూ పోతే గొట్టం కొంచెం వంగుతున్నట్టు తెలుస్తుంది, అది మామూలే, ఆగకండి. నాకు ఒక పొడి చప్పుడు వచ్చింది, ఎండుకట్టె విరిగినట్టు, ఆ వెంటనే గొట్టం ఒక అరచేతి మందం దిగింది. మొదటిసారి కేస్ విరిగిన చప్పుడు గుర్తుండి గుండె ఆగినంత పనైంది. సాకెట్ తీసి చూస్తే వాషర్ చుట్టూ సన్నటి తుప్పు గీత, నట్టు మీద పాత గుర్తు ఇంత పక్కకి జరిగి ఉంది. మిగతాది చేత్తోనే తిరిగింది.

అయినా రాకపోతే

ముందు గొట్టం ఇంకో అడుగు పెంచండి. నవ్వుకోకండి, చాలాసార్లు అంతే సరిపోతుంది.

గేర్ పానా ఉంటే ఇంకా తేలిక. మనవైపు లారీ చక్రాల నట్లు విప్పడానికి చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్న గేర్ పెట్టె వాడతారు చూడండి, దాన్ని పోలినదే బీటిల్ కోసం ప్రత్యేకంగా అమ్ముతారు. ఫ్లైవీల్ రింగ్ గేర్ పళ్ళకే ఆనుతుంది, బలాన్ని తొమ్మిదింతలు చేస్తుంది. అంటే లోపల 253 ఫుట్ పౌండ్లు కావాలంటే మీరు 28 తిప్పితే చాలు. గొట్టాలూ యాంగిళ్ళూ ఏవీ అక్కర్లేదు. ఏడాదికి రెండు మూడు ఇంజన్లు కట్టేవాళ్ళయితే కొనండి, ఒక్క ఇంజన్‌కి నేనైతే కొనను.

ఇంపాక్ట్ గన్ గురించి అందరూ అడుగుతారు. ఇంట్లో ఉండే చిన్న కంప్రెసర్‌తో 1/2 అంగుళం గన్ గంటసేపు గడగడలాడించినా నట్టు నవ్వుతూ కూర్చుంటుంది. లారీ టైర్ల దుకాణంలో ఉండే పెద్ద గన్ అయితే రెండు సెకన్లలో తీసేస్తుంది. ఇంజన్‌ని ట్రక్కులో వేసుకుని వెళ్ళి పది డాలర్లిచ్చి విప్పించుకున్నవాళ్ళున్నారు, తప్పేం లేదు. ఒక్కటే, గన్‌తో విప్పండి గానీ గన్‌తో బిగించకండి.

చొచ్చుకుపోయే నూనెలు ఇక్కడ పెద్దగా పని చేయవు, మర లోపలెక్కడో ఉంటుంది, పైన కొట్టిన నూనె వాషర్ దగ్గరే ఆగిపోతుంది. కొట్టి రాత్రంతా వదిలేస్తే నష్టం మాత్రం లేదు.

వేడి చేయడం వేరే సంగతి. ఇదివరకు కట్టినవాళ్ళు మరకి ఎర్ర రంగు థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) పూసి ఉంటే, అది సుమారు 250 డిగ్రీల దగ్గర గానీ మెత్తబడదు. మామూలు ప్రొపేన్ టార్చ్‌తో నట్టు తల మీద మాత్రమే, నాలుగైదు నిమిషాలు వేడి చేసి, వేడి మీదే విప్పండి. లోపలి నీడిల్ బేరింగ్, వెనక ఆయిల్ కారకుండా ఆపే సీల్, ఓ రింగ్ అనే రబ్బరు ఉంగరం దెబ్బతింటాయి, ఎలాగూ అవి మార్చాల్సినవే. కానీ మంట కేస్ వైపుకి పోనివ్వకండి. గ్యాస్ వెల్డింగ్ టార్చ్ అసలు వద్దు. మెగ్నీషియం దిమ్మ అంత తేలిగ్గా అంటుకోదు గానీ, దాని రజను, అంచు పొట్టు అంటుకుంటే ఆరదు, నీళ్ళు పోస్తే ఇంకా రేగుతుంది. పక్కన పొడి ఇసుక బకెట్ పెట్టుకోండి.

తల పూర్తిగా గుండ్రమైపోయిందా, ఇక ఆఖరి దారి. గ్రైండర్‌తో నట్టు తలనే కోసేయడం. తల పోగానే ఫ్లైవీల్‌ని నొక్కి పట్టేది ఏమీ ఉండదు, ఫ్లైవీల్ ఊడొస్తుంది, లోపల మిగిలిన బోలు ముక్క మీద బిగువు పోయింది కాబట్టి పట్టకారుతో తిప్పినా వచ్చేస్తుంది. కేస్‌ని రేకుతో కప్పి, నిప్పురవ్వలు దాని మీద పడకుండా చూసుకుని, తొందరపడకుండా కోయండి. ఫ్లైవీల్ ముఖానికి బ్లేడు తగిలితే అది వాషర్ కూర్చునే చోటు అని గుర్తుంచుకోండి.

ఫ్లైవీల్ బయటికి తీయడం

నట్టు వచ్చాక కూడా ఫ్లైవీల్ పిన్నుల మీద పట్టుకుని ఉంటుంది. వెనక నుంచి స్క్రూడ్రైవర్ దూర్చి కేస్‌కి ఆనించి పెకలించాలనిపిస్తుంది. వద్దు, మళ్ళీ అదే కథ. నట్టుని పూర్తిగా తీయకుండా రెండు చుట్లు లోపలే ఉంచి, రెండు చేతులతో ఫ్లైవీల్‌ని పైకీ కిందికీ పక్కలకీ అల్లాడిస్తూ, మధ్యమధ్య రబ్బరు సుత్తితో అంచు మీద చుట్టూ కొట్టండి. ఏడెనిమిది కిలోల ఇనుము, ఒక్కసారిగా జారి పాదం మీద పడితే చాలా రోజులు గుర్తుంటుంది, ఆ రెండు చుట్లు అందుకే.

బయటికొచ్చాక దాని వెనక మూడు పలచటి ఉంగరాలు ఉంటాయి, షిమ్ములు. కొన్నిసార్లు నూనెకి ఫ్లైవీల్‌కే అతుక్కుని వస్తాయి, కొన్నిసార్లు సీల్ వెనకే ఉండిపోతాయి. మూడూ లెక్కపెట్టుకోండి. పిన్ను రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయో సాగాయో చూడండి, సీల్ పెదవి తిరిగిన చోట గోరు తగిలేంత గాడి పడిందేమో తడిమి చూడండి. రంధ్రాలు సాగి ఉంటే ఫ్లైవీల్ మార్చాల్సిందే, వెల్డింగ్ పెట్టి అరగదీయిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మళ్ళీ బిగించేటప్పుడు

కొత్త గ్లాండ్ నట్ కొనండి. పాతది బాగానే కనిపించినా లోపలి బేరింగ్ అరిగి ఉంటుంది, పైగా ఇంత అవస్థ పెట్టినదాన్ని మళ్ళీ ఇంట్లోకి రానిస్తామా?

ముందు క్రాంక్ ముందువెనకలకి ఎంత కదులుతుందో సరిచేయాలి. అది 0.07 నుంచి 0.13 ఎం.ఎం. మధ్య ఉండాలి, 0.15 దాటితే అరిగినట్టు లెక్క. సీల్, ఓ రింగ్ లేకుండా రెండు షిమ్ములే వేసి, ఫ్లైవీల్ పెట్టి నట్టు ఓ మాదిరిగా బిగించి, కేస్‌కి డయల్ గేజ్ (సన్నటి కదలికని ముల్లుతో చూపే కొలత సాధనం) తగిలించి ఫ్లైవీల్‌ని ముందుకీ వెనక్కీ తోసి చూడండి. ముల్లు 0.44 చూపించిందనుకోండి, మనకి కావాల్సిన 0.10 తీసేస్తే 0.34. మూడో షిమ్ము ఆ మందంది వేయాలి. షిమ్ములు 0.24, 0.30, 0.32, 0.34, 0.36, 0.38 మందాల్లో దొరుకుతాయి. మీద రాసింది నమ్మకండి, మైక్రోమీటర్‌తో కొలవండి. షిమ్ములు ఎప్పుడూ మూడే, మందంది ఒకటి వేసి సరిపెట్టడం కుదరదు.

కొలత కుదిరాక ఫ్లైవీల్ తీసి, మూడు షిమ్ములూ నూనె రాసి లోపల పెట్టి, ఆ తర్వాతే కొత్త సీల్ వంకర పోకుండా చుట్టూ సమానంగా తట్టి కూర్చోబెట్టండి. ఈ వరస తిరగబడితే సీల్ మళ్ళీ పీకాలి, నేను పీకాను. ఫ్లైవీల్ గాడిలో కొత్త ఓ రింగ్. 1960ల నడిమి దాకా వచ్చిన ఇంజన్లకి ఓ రింగ్ బదులు పలచటి గాస్కెట్ ఉంటుంది, మీది ఏదో చూసుకోండి. సీల్ పెదవికి నూనె, మర మీద ఒక చుక్క నూనె, నీడిల్ బేరింగ్‌లో చిటికెడు గ్రీజు. గ్రీజు ఎక్కువైతే తిరిగేటప్పుడు ఎగిరి క్లచ్ ప్లేటు మీద పడుతుంది.

చుక్కలు కలిపి ఫ్లైవీల్‌ని పిన్నుల మీద చేత్తో సమంగా కూర్చోబెట్టి, అప్పుడు నట్టు వేయండి. ఇప్పుడు అడకత్తెర కుడి పక్కకి మారుతుంది, యాంగిల్ కుడికి, బార్ కుడికి, నొక్కడం కిందికే. 343 న్యూటన్ మీటర్ల దాకా పోయే టార్క్ రెంచ్ ఉంటే రెండు మూడు విడతలుగా అక్కడికి తీసుకెళ్ళండి. లేకపోతే బాబాయి లెక్క ఒకటుంది. 35 కిలోగ్రామ్ మీటర్లంటే అర మీటరు దూరంలో 70 కిలోలు. బార్‌ని నేలకి సమాంతరంగా ఉండేలా పెట్టి, నట్టు నడిమధ్య నుంచి 50 సెంటీమీటర్ల దగ్గర సుద్దముక్కతో గీత గీసి, 70 కిలోల మనిషి పక్కన ఏదైనా పట్టుకుని ఆ గీత మీద మెల్లగా పూర్తి బరువు మోపితే సరిగ్గా అంత. మీ బరువు 80 అయితే గీత 44 దగ్గర. బార్ కిందికి దిగిపోతే మళ్ళీ సమాంతరంగా పెట్టి ఇంకోసారి, ఇక కదలకపోయేదాకా. అందాజు పద్ధతే, కానీ గన్‌తో బిగించి దేవుడి మీద భారం వేయడం కంటే ఎన్నో రెట్లు నయం.

బిగించాక యాంగిల్ తీసేసి, డయల్ గేజ్ మళ్ళీ పెట్టి కదలిక ఇంకోసారి చూడండి. పూర్తి టార్క్ పడ్డాక ముల్లు కొద్దిగా మారడం చూశాను. నాకు 0.09 వచ్చింది. మీకు 0.07 కంటే తక్కువ వస్తే క్లచ్ ప్లేటు ముట్టుకోకుండా నట్టు మళ్ళీ విప్పి మూడో షిమ్ము మార్చండి. యాంగిల్ ఎడమకి.